శిలాజాల తవ్వకం గుంట: పిల్లలు ఇసుక చల్లుకుని వెళ్ళిపోతున్నారు, ఎలా కడితే బాగుంటుంది? (చెన్నై)

అడయారు_అరుణ
మా ట్రస్టు చెన్నైలో నడిపే చిన్న సైన్సు మ్యూజియంలో, పిల్లలు సొంత చేతులతో తవ్వే శిలాజాల గుంట పెట్టాలనుకున్నాం. పని నాకు అప్పజెప్పారు. వరండా పక్కన 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు జాగా ఉంది. పైన రేకులు, మూడు వైపులా ఖాళీ.

ఒక వెండర్ డిజైన్ ఇచ్చాడు. గుంట నిండా ఇసుక, అడుగున ఫైబర్‌తో చేసిన టీ రెక్స్ అస్థిపంజరం, పిల్లలకి ప్లాస్టిక్ పారలు. మచ్చుకి ఒక తొట్టి కూడా తెచ్చాడు. మూడో క్లాసు పిల్లల్ని వదిలి చూశాం. కాసేపటికే పుర్రె బయటపడింది, "డైనోసార్" అని కేకలు పెట్టారు. ఆ తర్వాత ఒకళ్ళ నెత్తిన ఒకళ్ళు ఇసుక పోసుకోవడమే. ఏం తెలిసిందిరా అని ఒక పిల్లాణ్ణి అడిగితే "ఇసుక కింద డైనోసార్ ఉంటుంది మిస్" అన్నాడు.

వాడికి మేం చూపించింది అదే కదా, వాడేం చెప్తాడు! తవ్వేవాళ్ళు అసలు ఏం చూస్తారో, ఎందుకంత నెమ్మదిగా తవ్వుతారో పిల్లలకి తెలియాలని నా కోరిక. వెండర్‌కి ఇంకా అడ్వాన్సు ఇవ్వలేదు. ఇలాంటివి కట్టినవాళ్ళు, పిల్లల్ని తీసుకెళ్ళినవాళ్ళు చెప్పండి. బడ్జెట్ పెద్దది కాదు.

ఇద్దరు_బుడతల_అమ్మ
ముందు దుమ్ము సంగతి చూడండి. మా పెద్దాడికి ఆస్తమా. ఒక మాల్‌లో ప్లాస్టర్ దిమ్మలు ఇచ్చి గోకి గోకి ఎముక తీయమన్నారు. హాలంతా తెల్లపొడి. రాత్రంతా నెబ్యులైజర్ పెట్టుకుని కూర్చున్నాం.

రాళ్ళ_బాబాయ్
అరుణ గారూ, ముందు ఆ టీ రెక్స్‌ని తీయించండి. అది ఉత్తర అమెరికా జంతువు. మన దేశంలో దాని ఎముక ఒక్కటీ దొరకలేదు. చెన్నై పిల్లలకి చూపించడానికి మన తమిళనాడులోనే అరియలూరు ఉండగా అంత దూరం ఎందుకు పోవాలి?

సర్వీసులో ఉన్నప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాను. ఇవాళ సిమెంటు ఫ్యాక్టరీలకి సున్నపురాయి తీస్తున్న ఆ నేల ఒకప్పుడు సముద్రం అడుగు. సుమారు 11 కోట్ల ఏళ్ళ నాటి నుంచి 6.6 కోట్ల ఏళ్ళ నాటి దాకా పొరలున్నాయి. చుట్ట తిరిగిన అమ్మోనైట్లు, తూటా ఆకారంలో బెలెమ్నైట్లు (రెండూ స్క్విడ్‌కి చుట్టాలైన, అంతరించిపోయిన సముద్ర జీవులవి), ఆల్చిప్పలు, సొరచేప పళ్ళు. సాత్తనూరులో అయితే రాయిగా మారిన చెట్టు మాను ఉంది, 18 మీటర్ల పొడవు. నేల మీద పెరిగిన చెట్టే, కొట్టుకొచ్చి సముద్రపు బురదలో పూడిపోయింది. ఇన్ని ఉన్నాయి. మీ గుంట అడుగున అక్కడి కారై ఊరి నేలలాంటిది పెట్టండి. పిల్లాడు ఇంటికెళ్ళి "మన పక్కన సముద్రం ఉండేదట" అంటే చాలు నాకు.

నెల్లూరు_కుర్రోడు
బాబాయ్ గారూ, మీరు చెప్పేది బాగుంది గానీ పిల్లకాయలు డైనోసార్ కోసమే వస్తారు. గవ్వలు చూపిస్తే మెరీనా బీచికి పోతే సరిపోయేది అంటారు.

రాళ్ళ_బాబాయ్
డైనోసార్ కావాలంటే అదీ అక్కడే ఉంది. అరియలూరు జిల్లా కల్లమేడులో దొరికిన ఎముకలకి 1987లో బృహత్కాయోసారస్ అని పేరు పెట్టారు. పేరు పెట్టిన ఇద్దరిలో ఒకరు యాదగిరి గారు, గోదావరి లోయలో దొరికిన కోటసారస్ అనే డైనోసార్‌కి 1988లో పేరు పెట్టింది కూడా ఆయనే. కోటసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది, చూసే ఉంటారు.

కల్లమేడు ఎముకల సంగతి వినండి. అవి ఇప్పుడు లేవు. మెత్తటి మట్టిలో నానిపోయి, బయటికి తీశాక నిలవక పొడి అయిపోయాయి. మిగిలింది రాసుకున్న కొలతలు, గీసిన బొమ్మలు, కొన్ని ఫొటోలు. మొదట దాన్ని మాంసాహారి అన్నారు, తర్వాత పొడుగు మెడ శాకాహారి అన్నారు, కొందరు అసలది చెట్టు మాను కాదు కదా అని కూడా సందేహించారు. 2022లో పాత ఫొటోలు కొన్ని అచ్చయ్యాక ఆ సందేహం చాలావరకు తగ్గింది. ప్రపంచంలోనే అతి పెద్ద జంతువుల్లో ఒకటి కావచ్చన్న వాదన మొత్తం ఆ కాగితాల మీదే నడుస్తోంది. అందుకే చెప్తున్నా, మీ గుంటలో బ్రష్ కంటే ముందు పెన్సిల్ ఇవ్వండి.

అడయారు_అరుణ
ఇది నాకు తెలియదు బాబాయ్ గారూ. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. గోడ మీద పెట్టాల్సిన కథ ఇదే.

సెట్టింగుల_శీను
నేను వడపళనిలో ఆర్ట్ డిపార్ట్‌మెంట్ మనిషిని, సినిమాలకి గుడులూ గుహలూ కట్టే పని. మెటీరియల్ సంగతి నేను చెప్తా.

ప్లాస్టర్ దిమ్మలు వద్దు. దుమ్ము ఒకటి, రోజూ కొత్తవి పోయాలి, మనిషి కూలి గిట్టదు. ఎం-శాండ్ అసలు వద్దు, అది రాయి నలగ్గొట్టింది, సన్న పొడి ఎక్కువ. టైర్ల రబ్బరు పలుకులు వాడేవాళ్ళున్నారు గానీ మన ఎండకి వాసనొస్తుంది, చేతులు నల్లబడతాయి.

నేనైతే ఇలా చేస్తా. అడుగున ఫైబర్‌గ్లాస్‌తో ఒకే పలక. చూడ్డానికి అచ్చం రాతి నేలలా ఉండాలి, శిలాజాలు అందులోనే సగం పైకి, సగం లోపలికి పోతపోసి ఉండాలి. ఎవడెంత లాగినా ఊడకూడదు. దాని మీద నాలుగంగుళాల మందాన కడిగి జల్లించిన ముతక ఇసుక. పొద్దున్నే చెంబుడు నీళ్ళు చిలకరిస్తే దుమ్ము లేవదు. సాయంత్రం ఇసుక మళ్ళీ పరిచేస్తే మర్నాటికి గుంట రెడీ. ఖర్చంతా ఒక్కసారే.

రంగు రంగుల ఇసుక పొరలు వేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మధ్యాహ్నానికి కలిపేసిన పులిహోరలా అవుతుంది. పొరలు కావాలంటే గుంట పక్క గోడకి వేయిద్దాం.

ఓఎంఆర్_ఓబులేశు
ఇసుక, తడి, శుభ్రం, ఇన్ని తలనొప్పులెందుకండీ? పెద్ద స్క్రీన్ టేబుల్ పెట్టండి. వేలితో రుద్దితే మట్టి తొలగి ఎముక కనిపించేలా యాప్ చేసేయొచ్చు. మా టీమ్‌లో కుర్రాళ్ళున్నారు, వీకెండ్‌లో చేసిపెడతారు.

తాంబరం_టీచరమ్మ
వద్దు నాయనా. ఆ వేలు ఇంట్లో పొద్దస్తమానం రుద్దుతూనే ఉంది. ఇక్కడైనా మట్టి తగలనీ.

ఇద్దరు_బుడతల_అమ్మ
టీచరమ్మ గారికి దండం. ముతక ఇసుక, తడి అంటే మావాణ్ణి నేనూ తీసుకొస్తాను.

వీల్‌చైర్_వాసు
గుంట అంటే నేలలో గొయ్యి అని అందరూ అనుకుంటున్నారు. నాలాంటి పిల్లాడు గట్టు మీద కూర్చుని చూడాలి, అంతేనా? చిన్నప్పుడు నేను చాలా చూశాను అలా.

పలకలో మూడో వంతు అయినా టేబుల్ ఎత్తున పెట్టండి. పై అంచు నేల నుంచి 30 అంగుళాలు, కింద మోకాళ్ళు దూరడానికి 27 అంగుళాలు ఖాళీ. అంటే తొట్టి మందం మూడంగుళాలకి మించకూడదు, అక్కడ ఇసుక పల్చగా వేసుకోవాలి. చెయ్యి చాచితే రెండడుగులకి మించి అందదు, కాబట్టి శిలాజాలు అంచుల దగ్గరే ఉండాలి. పక్కనే కుర్చీ తిరిగేంత జాగా ఉంచండి, ఐదడుగులు. కళ్ళు కనపడని పిల్లలకి కూడా ఈ టేబుల్ పనికొస్తుంది. అమ్మోనైట్ చుట్ట మీద గీతలు వేలికి తెలిసేంత లోతుగా పోత పోయమనండి శీను గారిని.

సెట్టింగుల_శీను
చేద్దాం వాసన్నా. సిలికాన్ మోల్డ్‌లో వెంట్రుక మందం గీత కూడా దిగుతుంది. అసలు శిలాజం చేతికిస్తే చాలు, దాని మీదే మోల్డ్ తీస్తా.

రాళ్ళ_బాబాయ్
అసలు శిలాజాల కోసం ఎవరూ సంచులేసుకుని అరియలూరు బయల్దేరకండి. తిరువక్కరైలో రాతిమానుల పార్కు ఉంది, ఎంతమంది జేబులో ముక్క వేసుకుపోయారో! గిండీలో మద్రాసు యూనివర్సిటీ జియాలజీ డిపార్ట్‌మెంట్‌ని అడగండి, ట్రస్టు లెటర్‌హెడ్ మీద రాస్తే మోల్డ్ తీసుకోనిస్తారేమో. ఎగ్మూరు మ్యూజియంలో కూడా భూగర్భశాస్త్రం గ్యాలరీ ఉంది, పిల్లల్ని ముందు అక్కడికి తిప్పితే ఇంకా మంచిది.

నెల్లూరు_కుర్రోడు
శీనన్న ఊడకూడదు అంటున్నాడు. ఊడకపోతే పిల్లకాయలకి మజా ఏముంది? దొరికింది చేత్తో పట్టుకుని అమ్మకి చూపించాలి కదా. నేను వాలంటీరుగా చాలా స్కూళ్ళ పిల్లలతో తిరుగుతుంటా, వాళ్ళ మొహం వెలిగేది అప్పుడే.

రాళ్ళ_బాబాయ్
ఒప్పుకోను. పీకి చేతికిచ్చావంటే అది బొమ్మ అయిపోయింది. అది ఎలా పడుందో అందులోనే సగం కథ ఉంటుంది. ఉదాహరణకి బెలెమ్నైట్లు చూడు. సన్నగా పొడుగ్గా ఉంటాయి కాబట్టి, నీళ్ళ ఒరవడికి చాలావరకు ఒకే వాలులో సర్దుకుంటాయి. పొర మీద పది ఒకే వైపు తిరిగి ఉన్నాయంటే అక్కడ నీళ్ళు ఆ వాలులో కదిలాయన్నమాట. ఒక్కటి చేతిలో పట్టుకుంటే ఏం తెలుస్తుంది? ఏమీ తెలియదు.

అరుణ గారూ, ఇదే పెట్టండి పలకలో. పదో పన్నెండో బెలెమ్నైట్లు, రెండు మూడు తప్ప అన్నీ ఒకే వాలులో. పిల్లలకి దిక్సూచి ఇచ్చి, కాగితం మీద బాణాలు గీయమనండి. చివర్లో ఒకటే ప్రశ్న: "నీళ్ళు ఏ వాలులో కదిలాయి?"

అడయారు_అరుణ
ఇది చదివి ఇంట్లో పెన్సిళ్ళు చాప మీద పడేసి మా అమ్మాయిని అడిగాను. చెప్పేసింది! ఇది ఖాయం.

తాంబరం_టీచరమ్మ
మేం తీసుకొచ్చేది నలభై మందిని. మీరు ఇచ్చేది అరగంట. నలభై మంది ఒకేసారి తవ్వితే మళ్ళీ ఇసుక యుద్ధమే. అందుకని నలుగురికొక గడి ఇవ్వండి. దారాలతో రెండడుగుల గడులు కట్టండి, బయట తవ్వకాల్లో కట్టినట్టే. ఒకడు బ్రష్, ఒకడు టేపు, ఒకడు దిక్సూచి, ఒకడు కాగితం. గంట కొట్టగానే పని మారాలి. రాసేవాడి పని చిన్నదనుకుంటారు పిల్లలు, అందుకని కాగితం పట్టుకున్నవాడు చెప్తేనే మిగతావాళ్ళు బ్రష్ పెట్టాలని రూలు పెట్టండి. మా ల్యాబులో ఇలాగే చేస్తాను, గొడవ ఉండదు.

పారలు మాత్రం తీసేయండి. రెండంగుళాల పెయింట్ బ్రష్, ఐస్‌క్రీమ్ పుల్ల, చిన్న చేట చాలు.

నెల్లూరు_కుర్రోడు
గడులకి అ, ఆ, ఇ, ఈ అని పేర్లు పెడదామా?

తాంబరం_టీచరమ్మ
మా క్లాసులో తెలుగు చదవగలిగేవాళ్ళు ముగ్గురో నలుగురో బాబూ. తమిళ అక్షరాలు పెడితే ఉత్తరాది పిల్లలకి రాదు. అడ్డంగా రంగులు, నిలువుగా అంకెలు పెట్టేయండి. "ఎరుపు 3" అంటే ఎవరికైనా తెలుస్తుంది. రంగులు పోల్చుకోలేని పిల్లలుంటారు, ప్రతి రంగు పక్కన ఒక బొమ్మ కూడా వేయించండి: చేప, ఆకు, గవ్వ.

కడప_కాంతం
మా ఊళ్ళో పాలిష్ బండల మీద నల్లగా ఫెర్న్ ఆకులాంటి గీతలు కనిపిస్తాయి. చిన్నప్పుడు అవి చెట్ల శిలాజాలే అనుకునేవాళ్ళం. కాలేజీలో మేడం చెప్పింది, అది మాంగనీసు ఖనిజం రాతి పగుళ్ళలో పాకి అలా కొమ్మలేసిందని. ఇప్పటికీ మా వంటింటి గట్టు మీద ఉంది, వచ్చినవాళ్ళందరూ ఆకు అనే అంటారు. అలాంటిదొకటి మీ పలకలో పెట్టండి. అన్నీ శిలాజాలే ఉంటే పిల్లలు ఆలోచించరు.

రాళ్ళ_బాబాయ్
కాంతం గారూ, భేష్. మీ కడప సున్నపురాళ్ళలో నిజం శిలాజాలు కూడా ఉన్నాయి, వేంపల్లె వైపు స్ట్రొమటోలైట్లు. వంద కోట్ల ఏళ్ళకి పైబడినవి. సూక్ష్మజీవులు పొర మీద పొర కట్టిన గుట్టలు. పలకలో మాంగనీసు ఆకు పెడితే దాని పక్కనే గోడకి స్ట్రొమటోలైట్ ముక్క తగిలించండి. ఆకులా కనిపించేది ప్రాణి కాదు, ఉత్త గీతల్లా కనిపించేది ప్రాణులు కట్టింది.

ఇంకోటి. 2020లో పెరంబలూరు జిల్లా కున్నం దగ్గర చెరువు తవ్వుతుంటే గుండ్రటి పెద్ద రాళ్ళు బయటపడ్డాయి. డైనోసార్ గుడ్లు అని జనం ఎగబడ్డారు, ఫోన్లలో తెగ తిరిగింది. నిపుణులు వెళ్ళి చూసి గుడ్లు కావని తేల్చారు. సముద్రపు అడుగున ఖనిజం గుండ్రంగా గట్టిపడిన ముద్దలవి. శీనూ, అలాంటి ముద్ద ఒకటి నున్నగా చేసి పెట్టు. గుడ్డు అనేవాడు ఎందుకు గుడ్డో రాయాలి.

తాంబరం_టీచరమ్మ
కాగితం మీద మూడు గడులు పెట్టండి. "శిలాజం", "కాదు", "ఇంకా తెలీదు". మూడోది టిక్కు పెట్టినవాడికి కూడా మార్కు ఉండాలి. పరీక్షల్లో మేం ఎప్పుడూ ఇవ్వని మార్కు అది.

పల్లావరం_ప్రసాదు
మా పల్లావరంలో 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్తకి పాత రాతియుగం పనిముట్టు దొరికింది, దేశంలో మొదటిసారి గుర్తించింది ఇక్కడే. ఆ రాతి గొడ్డలి కూడా పలకలో పెట్టండి. లోకల్‌గా ఉంటుంది.

రాళ్ళ_బాబాయ్
ప్రసాదూ, అదే పలకలో మాత్రం వద్దు. డైనోసార్లని మనుషులు వేటాడారని పిల్లలు ఇప్పటికే అనుకుంటున్నారు. పక్క గోడ పొరల్లో అయితే పెట్టొచ్చు, పెట్టాలి కూడా. తిరువళ్ళూరు జిల్లా అత్తిరంపాక్కం అందుకు సరిగ్గా సరిపోతుంది. అక్కడ గొడ్డళ్ళు దొరికే పొరల్లో పాతవి సుమారు 15 లక్షల ఏళ్ళ నాటివి. ఆ పొరల అడుగున ఉన్న షేల్ రాయి డైనోసార్ల కాలానిది, క్రెటేషియస్. మధ్యలో పది కోట్ల ఏళ్ళ పైచిలుకు లెక్క గల్లంతు! పేజీలన్నీ చిరిగిపోయాయి. శీను గోడ వేసేటప్పుడు ఆ రెండు పొరల మధ్య ఒక్క ఎర్రగీత గీసి, పిల్లల చెయ్యి దాని మీద పెట్టించండి.

సెట్టింగుల_శీను
బాబాయ్ గారూ, కారై నేల రంగు చెప్పండి. ఫొటోలో ఎర్రగా ఉంది, నిజంగా అంతేనా?

రాళ్ళ_బాబాయ్
ఎరుపూ కాదు, గోధుమా కాదు. ఎండిన మట్టి మీద చిన్న చిన్న కాలవలు కోసుకుపోయి ఉంటాయి. మధ్య మధ్య జిప్సం పలకలు, పొద్దున పూట ఎండ తగిలితే గాజు ముక్కల్లా మెరుస్తాయి.

సెట్టింగుల_శీను
జిప్సమా! నేను రోజూ కలిపే ప్లాస్టర్ దాన్ని కాల్చి చేసిందే కదా. అయితే ఒక మాట. ఎనిమిది, తొమ్మిది క్లాసుల వాళ్ళకి ప్లాస్టర్ కట్టు కట్టడం నేర్పిద్దాం. ఎముక మీద తడి కాగితం పరిచి, పైన గోనెపట్టా పేలికలు ప్లాస్టర్‌లో ముంచి చుట్టాలి. గట్టిపడ్డాక తిరగేస్తే ఎముక లోపల భద్రంగా ఉంటుంది. పొడి నేను బయట కలిపి తెస్తా, దుమ్ము రాదు. చేతికి తొడుగులు తప్పనిసరి, ముద్దలో చెయ్యి పెట్టి ఉంచకూడదు. గట్టిపడేటప్పుడు వేడెక్కి చర్మం కాలుతుంది.

నెల్లూరు_కుర్రోడు
అన్నీ బాగున్నాయి. మరి మూడేళ్ళ చెల్లెలు వెంట వస్తే? ఆ పాపకి దిక్సూచీ వద్దు, టిక్కులూ వద్దు. ఆ పాపని తవ్వుకోనివ్వండి.

అడయారు_అరుణ
ఈ మాట నిజం. చిన్నవాళ్ళకి వేరే తొట్టి పెడతాను. పోతపోసిన ఆల్చిప్పలు విడిగా వేసేస్తాం, ఎన్నైనా తీయొచ్చు, అమ్మకి చూపించొచ్చు. నోట్లో పట్టనంత పెద్దవే వేస్తాం. బాబాయ్ గారు ఏమంటారో.

రాళ్ళ_బాబాయ్
ఆ తొట్టికి నాకు అభ్యంతరం లేదు. పక్క తొట్టిలో అన్న దిక్సూచి పట్టుకుని ఏదో చేస్తుంటే పాప చూస్తూనే ఉంటుంది.

ఇద్దరు_బుడతల_అమ్మ
రాత్రి మూత ఏమిటి? మూడు వైపులా ఖాళీ అన్నారు. తడి ఇసుక కనిపిస్తే వీధి పిల్లులు ఊరుకోవు. పిల్లి మలంతో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకుతుంది, కడుపులో బిడ్డకి ప్రమాదం, కడుపుతో ఉన్న టీచర్లూ వస్తుంటారు.

అడయారు_అరుణ
మాకు ఆల్రెడీ ఒక పసుపు పిల్లి ఉంది, మచ్చు తొట్టిలోనే పడుకుంది. మూత ప్లైవుడ్‌ది చేయిస్తాను, చక్రాల మీద జరిగేలా. చేతులు కడుక్కునే కుళాయి కూడా పక్కనే.

నెల్లూరు_కుర్రోడు
పిల్లికి అమ్ము అని పేరు పెట్టండి. అమ్మోనైట్ నుంచి.

ఓఎంఆర్_ఓబులేశు
సరే, గుంటలో స్క్రీన్ వద్దు. కానీ పిల్లలు గీసిన బాణాలన్నీ ఒకచోట చేర్చి నెలనెలా గోడ మీద చూపించొచ్చు కదా? వందల మంది గీసినవి కలిపితే వాలు స్పష్టంగా తేలుతుంది, ఎవరు ఎంత పక్కకి గీశారో కూడా కనిపిస్తుంది. కాగితాలు స్కాన్ చేస్తే చాలు, అది నేను ఉచితంగా చేస్తా.

రాళ్ళ_బాబాయ్
ఓబులేశూ, ఈ పనికి నువ్వే కావాలి. మేం ఫీల్డులో చేసేదీ ఇదే, ఒకళ్ళ కొలత ఎప్పుడూ సరిపోదు.

అడయారు_అరుణ
వెండర్‌కి వద్దని చెప్పేశాను. పెద్ద పలక 10 అడుగులు, 8 అడుగులు. వాసు గారి కొలతలతో టేబుల్ ఒకటి, చిన్నవాళ్ళ తొట్టి ఒకటి. కల్లమేడు కథ పక్క గోడకి, ఎముక బొమ్మ ఉండదు, కొలతలు రాసిన కాగితం పెద్దది చేసి పెడతాం. యూనివర్సిటీకి ఉత్తరం రాశాను. శీను గారూ, శనివారం జాగా చూడ్డానికి రాగలరా?

సెట్టింగుల_శీను
వస్తా. పలక వేసే ముందే నేలకి వాలు పెట్టించండి, అడుగుకి పావంగుళం చొప్పున కాలవ వైపు. అక్టోబరు, నవంబరు వానలకి మూడు వైపుల నుంచీ జల్లు కొడుతుంది. మురుగు గొట్టం నోటికి సన్న జాలీ బిగించమనండి, లేకపోతే ఇసుకంతా కాలవలోకి పోతుంది. మేస్త్రీ ఎవరో చెప్తే నేనే ఫోన్లో మాట్లాడతా.